ముదిమిలో మందుల మూట

ఆకలి, దప్పిక, నిద్ర, ముదిమి, మృత్యువు: ఈ ఐదింటినీ సుశ్రుత సంహిత స్వాభావిక వ్యాధులుగా ఒకే వరుసలో పేర్కొన్నది. ఆకలి వేసినప్పుడు మనం మందు వెదకము, అన్నం తింటాము. నిద్ర వచ్చినప్పుడు వైద్యుని పిలువము, పడుకుంటాము. ముదిమి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ వివేకం మనను విడిచిపోతున్నది. నిద్ర కొంచెం తగ్గితే ఒక మాత్ర, మోకాలు పట్టితే ఒక మాత్ర, కడుపు ఉబ్బితే ఒక మాత్ర, కళ్ళు తిరిగితే మరొక మాత్ర. వీటిలో అవసరమైనవి ఉన్నాయి, ప్రాణం నిలిపేవి ఉన్నాయి. ఆ వయస్సుకు తగనివి కూడా ఉన్నాయి. తగని మందు చేసిన కీడును సైతం మనం ముసలితనం ఖాతాలో వ్రాసి ఊరుకుంటున్నాము. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి కారణం అదే.

నేను ఖిలా వరంగల్‌లో ఆయుర్వేద వైద్యం చేసుకుంటున్నవాడను. కాకతీయుల మట్టికోట, రాతికోట గోడల మధ్యనే ఇక్కడ ఇండ్లు, పొలాలు, కూరగాయల మడులు ఉన్నాయి. మధ్యకోట, పడమరకోట, తూర్పుకోటలలో ఒంగి కలుపు తీసి, నాట్లు వేసి, మూటలు మోసి అరిగిపోయిన మోకాళ్ళు చాలా ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, ఇంకా దూర దేశాలలోనో ఉంటారు. పెద్దవారు బీపీకి ఒక వైద్యుని వద్దకు, షుగరుకు మరొకరి వద్దకు, మోకాళ్ళకు హనుమకొండలో ఇంకొకరి వద్దకు వెళతారు. రాత్రివేళ జ్వరం వస్తే వీధిలోని ఆర్.ఎం.పి. వద్ద ఒక సూది వేయించుకుంటారు. చివరకు నా వద్దకు వచ్చి, "సారూ, మీ మందుకు ఎనకసిరి రోగం రాదు గదా, అదిస్తే సాలు" అంటారు. అప్పుడు నేను ముందుగా అడిగేది నాడి చూపమని కాదు, ఇంట్లో ఉన్న మందుల సంచి తెమ్మని. ఆ సంచిని బల్లపై గుమ్మరించిన తరువాత చాలాసార్లు కొత్త మందు ఇవ్వవలసిన అవసరమే కనిపించదు.

వయస్సును పరీక్షించని వైద్యం

రోగిని పది విధాలుగా పరీక్షించాలని చరక సంహిత విమానస్థానం నిర్దేశించింది. ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు అనేవి ఆ పది. పదవది వయస్సు. అరువది ఏండ్లు దాటిన దశలో ధాతువులు, ఇంద్రియాలు, బలం క్షీణిస్తాయని, వాతం ప్రధానమవుతుందని అక్కడ వివరించారు. సుశ్రుతుడు మరొక అడుగు ముందుకు వేసి, బాలురకు, వృద్ధులకు అగ్నికర్మను, క్షారాన్ని, విరేచనాన్ని వాడరాదని, అవి లేనిదే తీరని వ్యాధి అయితే మృదువైన క్రియను మెల్లమెల్లగా చేయాలని సూచించాడు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నిదానంగా పెంచాలని ఆధునిక వృద్ధవైద్యం చెప్పే సూత్రం దీనికి సన్నిహితమే.

ఈ జాగ్రత్తకు శరీరంలోనే కారణాలు ఉన్నాయి. వయస్సు పెరిగే కొద్దీ మూత్రపిండాలు రక్తాన్ని వడబోసే శక్తి తగ్గుతుంది. అందువల్ల మూత్రం ద్వారా వెళ్ళిపోవలసిన మందు శరీరంలో నిలిచిపోతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ సంఖ్య మామూలుగానే కనిపించవచ్చు. కండ తగ్గిన వృద్ధునిలో ఆ పదార్థం తయారయ్యేదే తక్కువ కనుక, ఆ సంఖ్యను చూసి మూత్రపిండాలు బాగున్నాయని అనుకోవడం పొరపాటు కావచ్చు. కాలేయం మందును విరిచే వేగం కూడా తగ్గుతుంది. దేహంలో నీటి భాగం తగ్గి కొవ్వు భాగం పెరుగుతుంది. కొవ్వులో కరిగే మందులు అక్కడే దాగి చాలా కాలం పని చేస్తుంటాయి. నిద్రకు, ఆందోళనకు ఇచ్చే డయజిపామ్‌నే చూడండి. ఇరవై ఏండ్ల యువకుని రక్తంలో అది సగానికి తగ్గడానికి దాదాపు 20 గంటలు పడితే, ఎనభై ఏండ్ల వృద్ధునిలో 80, 90 గంటలు పట్టవచ్చు. సోమవారం వేసుకున్న మాత్ర బలం గురువారం వరకు సగం మిగిలే ఉంటుంది. ఈలోగా ప్రతి రాత్రి మరొక మాత్ర దానిపై చేరుతుంటుంది. ఉదయం లేచిన పెద్దాయన తూలుతుంటే "వయసైపోయింది" అనుకుంటాము.

ఒక మందు, దాని వెనుక ఇంకొక రోగం

ఉన్న రోగాన్ని తగ్గించి మరొక రోగాన్ని పుట్టించే చికిత్స శుద్ధమైన చికిత్స కాదని, కొత్త రోగాన్ని పుట్టించకుండా ఉన్నదానిని శమింపజేసేదే శుద్ధ చికిత్స అని చరకుడు నిదానస్థానంలో స్పష్టం చేశాడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పల్లెల్లో చెప్పుకునేది కూడా ఇదే. 1990 దశకంలో పౌలా రోచన్, జెర్రీ గుర్విట్జ్ అనే వైద్యులు ఈ విషయాన్నే ఆధునిక వైద్య పత్రికలలో చర్చకు తెచ్చారు. ఒక మందు వల్ల కలిగిన బాధను కొత్త రోగమని భ్రమపడి దానికి మరొక మందు వ్రాయడం, ఆ రెండవ మందు వల్ల వచ్చిన బాధకు మూడవది వ్రాయడం: ఈ గొలుసుకట్టు వృద్ధులలో ఎలా పెరుగుతుందో వారు వివరించారు.

ఆ గొలుసును నేను ఒక అవ్వ మందుల సంచిలో కళ్ళారా చూశాను. ఆమెకు డెబ్బది దాటిన వయస్సు. మొదట ఉన్నది మోకాళ్ళ నొప్పి ఒక్కటే. దానికి డైక్లోఫెనాక్ మాత్ర రోజుకు రెండుసార్లు, నెలల తరబడి వాడింది. ఈ జాతి నొప్పి మాత్రలు శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచుతాయి. రక్తపోటు పెరిగిందని ఆమ్లోడిపిన్ మొదలైంది. ఆమ్లోడిపిన్ కొందరిలో పాదాలకు వాపు తెస్తుంది. వాపు తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వచ్చింది. రాత్రికి నాలుగైదుసార్లు లేవవలసి వచ్చి నిద్ర చెడింది, పడక మీది నుండి లేస్తుంటే కళ్ళు తిరగసాగాయి. కళ్ళు తిరగడానికి సిన్నరిజిన్, నిద్రకు ఆల్ప్రజోలం చేరాయి. సిన్నరిజిన్‌ను చాలా కాలం వాడితే వృద్ధులలో చేతులు వణకడం, నడక మందగించడం, ముఖం బిగుసుకుపోవడం కలుగవచ్చు. ఆమెకు సరిగ్గా అదే జరిగింది. వణుకుడు రోగానికి కంపవాతమని పేరు పెట్టి ఆ మందు కూడా వ్రాయబోతుండగా, స్నానాల గదికి వెళుతూ ఆమె పడిపోయింది. మణికట్టు విరిగింది. తుంటి విరగకపోవడం ఆమె అదృష్టం. ఆ వయస్సులో తుంటి విరిగినవారిలో ఎందరో మళ్ళీ సొంతంగా నడవలేరు, ఏడాది తిరగకుండానే కన్నుమూసేవారూ తక్కువ కాదు.

ఈ గొలుసులో ఏ ఒక్క వైద్యుడూ దురుద్దేశంతో పని చేయలేదు. ప్రతివారూ తమ ఎదుట కనిపించిన లక్షణానికి పుస్తకంలో ఉన్న మందే వ్రాశారు. అన్ని మందులనూ ఒకచోట పెట్టి చూసినవారు లేరు, అంతే. ఆ సంచిని, నేను వ్రాసి ఇచ్చిన జాబితాను తీసుకొని ఆమె కుమారుడు ఒక జనరల్ ఫిజీషియన్‌ను కలిశాడు. ఆయన అన్నీ పరిశీలించి నొప్పి మాత్రను, సిన్నరిజిన్‌ను ఆపారు. బీపీ మందును మార్చారు. నిద్ర మాత్రను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. కొన్ని నెలలకు వణుకు తగ్గింది, తూలు పోయింది. మోకాళ్ళ నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. ఉదయం గోరువెచ్చని నూనె మర్దనం, ఇసుక మూట కాపడం, తొడ కండరాలకు చిన్న వ్యాయామాలు, మరీ బాధగా ఉన్నరోజున వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్: ఇదీ ఇప్పటి ఏర్పాటు. నొప్పి కొంత ఉన్నా ఆమె తన కాళ్ళపై తాను గుడికి నడుస్తున్నది.

వృద్ధులకు తగని మందుల పట్టిక

ఏ మందులు వృద్ధులకు సాధారణంగా తగవో చెప్పే పట్టికను 1991లో అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ తన సహచరులతో కలిసి వెలువరించాడు. మొదట అది వృద్ధుల సంరక్షణ కేంద్రాలలో ఉండేవారి కోసం తయారైంది. తరువాత అక్కడి వృద్ధవైద్యుల సంఘం దానిని అరువది అయిదేండ్లు దాటిన వారందరికీ వర్తించేలా సవరిస్తూ వచ్చింది. 2023లో మరొక సవరణ వెలువడింది. ఐర్లాండు వైద్యులు 2008లో ప్రకటించిన మరొక పట్టికలో ఆపదగిన మందులతోపాటు, అవసరమై ఉండి కూడా వృద్ధులకు వ్రాయకుండా వదిలేస్తున్న మందులను సైతం చేర్చారు. ఇది గమనింపదగిన న్యాయం. ముసలివారని చెప్పి కావలసిన మందు ఇవ్వకపోవడం కూడా అపచారమే.

ఈ పట్టికలలో చెప్పిన మందులలో మన ప్రాంతపు సంచులలో తరచుగా కనిపించేవాటిని మాత్రం ఇక్కడ ప్రస్తావిస్తాను. డయజిపామ్, ఆల్ప్రజోలం వంటి నిద్ర మాత్రలు తూలుపాటుకు, పడిపోవడానికి, మతి తప్పడానికి దారి తీస్తాయి. జలుబు బిళ్ళలలో ఉండే క్లోర్ఫెనిరమిన్ నోరు ఎండగొట్టి, మలబద్ధకం తెచ్చి, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషులలో మూత్రం బిగించవచ్చు. నొప్పి మాత్రలు కడుపులో పుండును, రక్తస్రావాన్ని కలిగించి మూత్రపిండాలను దెబ్బ తీయవచ్చు. షుగరుకు వాడే గ్లైబెన్‌క్లమైడ్ చక్కెరను మరీ దిగజార్చి చాలాసేపు అలాగే ఉంచగలదు. ఏకాదశి ఉపవాసం అయినా, రంజాన్ రోజా అయినా, భోజనం తప్పిన నాడు ఈ ప్రమాదం హెచ్చు. వృద్ధులలో చక్కెర దిగితే చెమట, వణుకు స్పష్టంగా కనిపించకపోవచ్చు. మాట తడబడి, మనుషులను గుర్తుపట్టకపోతే ఇంటివారు మతిమరుపు అనుకుంటారు. గ్యాస్ బిళ్ళలని మనం పిలిచే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివాటిని తగిన కారణం లేకుండా ఎనిమిది వారాలకు మించి సాగదీయవద్దని ఆ పట్టిక హెచ్చరిస్తున్నది. మన ఇండ్లలో అవి ఎనిమిదేండ్లుగా సాగుతుంటాయి.

గుండెకు మంచిదని ఆస్పిరిన్ వేసుకునేవారి సంగతి వేరుగా చెప్పాలి. గుండెజబ్బు, పక్షవాతం ఏవీ రాని పందొమ్మిది వేల మందికి పైగా వృద్ధులపై ఆస్ట్రేలియా, అమెరికాలలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకున్నవారికి ఆశించిన మేలు కలుగలేదు, తీవ్రమైన రక్తస్రావం మాత్రం పెరిగింది. అయితే ఇప్పటికే గుండెపోటు వచ్చినవారు, గుండెలో స్టెంటు వేయించుకున్నవారు ఈ వాక్యం చదివి మాత్ర ఆపితే ప్రాణాపాయం. ఒకే మందు ఒకరికి రక్ష, మరొకరికి కీడు. అందుకే ఈ పట్టికలు మందులను నిషేధించవు, "ఇక్కడ ఆగి ఆలోచించు" అని వైద్యునికి గుర్తుచేస్తాయి.

చిట్టీలో లేని మందులు

వైద్యుడు వ్రాసిన చిట్టీలో కనిపించని మందులు మరికొన్ని ఉన్నాయి. కీళ్ళ నొప్పులకు వాడవాడలా అమ్మే పేరులేని పొడులు, కాగితంలో చుట్టిన రంగు గోలీలు వాటిలో మొదటివి. మూడు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించడానికి ముందు అనుమానించండి. ఇటువంటి పొడులలో స్టెరాయిడ్లను, నొప్పి మాత్రలను నూరి కలపడం దేశంలో పలుచోట్ల పట్టుబడిన మోసం. ముఖం గుండ్రంగా ఉబ్బడం, చర్మం పలచబడి కమిలిన మచ్చలు పడడం, ఉన్నట్టుండి షుగరు పెరగడం దాని గుర్తులు. ఆయుర్వేదం పేరు పెట్టి అమ్మే ఈ విషం అసలు ఆయుర్వేదానికే అపకీర్తి.

రెండవది కల్లు. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఎన్నో ఏండ్లుగా అబ్కారీ శాఖ పట్టుకుంటున్న సంగతే. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. సాయంత్రం కల్లు దుకాణంలో ఒక మోతాదు, రాత్రి ఇంటికి వచ్చి వైద్యుడు వ్రాసిన మాత్ర రూపంలో అదే జాతి మందు మరొక మోతాదు పడితే ముసలి ప్రాణం ఎలా తట్టుకుంటుంది? పెద్దాయన కల్లు తాగే అలవాటును వైద్యుని ఎదుట దాచకండి.

మూడవది మందుల దుకాణం. ఆల్ప్రజోలం, డయజిపామ్ వంటివి 2014 మార్చి నుండి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్-1 క్రింద ఉన్నాయి. చిట్టీ లేకుండా అమ్మరాదు, అమ్మిన వివరాలు దుకాణదారు పుస్తకంలో వ్రాసి మూడేండ్లు భద్రపరచాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా పాత అట్టముక్క చూపించి కొత్త అట్ట తెచ్చుకోవడం మనకు అలవాటు.

మన చిట్కాల మాటేమిటి?

ఇంతవరకు చదివి, "అందుకే మనం ఇంగ్లీషు మందులు మాని వంటింటి వైద్యం పట్టుకోవాలి" అని తల ఊపే పాఠకులకు ఈ భాగం ప్రత్యేకం. సరిగా వాడితే విషం కూడా ఔషధమవుతుందని, వాడకం తప్పితే ఔషధమే విషమవుతుందని చరకుడు చెప్పినప్పుడు మన మూలికలకు మినహాయింపు ఇవ్వలేదు.

దగ్గుకు, గొంతు మంటకు అతిమధురం చప్పరించడం మంచి చిట్కాయే. రోజూ ఎక్కువగా వాడితే అది రక్తపోటును పెంచి, శరీరంలోని పొటాషియంను తగ్గిస్తుంది. మూత్రం పోయే మాత్ర, గుండెకు డిజాక్సిన్ వాడుతున్న వృద్ధునిలో ఇది గుండె లయను తప్పించవచ్చు. అజీర్ణానికి లవణభాస్కర చూర్ణం పేరు పొందింది. దానిలో లవణాలే అధికం. బీపీ ఉన్నవారికి, గుండె, మూత్రపిండాలు బలహీనపడినవారికి కూరలో ఉప్పు తగ్గించమని చెప్పి, చెంచాతో ఈ చూర్ణం పెట్టడం ఎంతవరకు సబబు? మెంతులు, కాకర రసం చక్కెరను తగ్గించగలవు. షుగరు మాత్రలు యథాతథంగా సాగుతుండగా వీటిని హెచ్చు మోతాదులో చేరిస్తే చక్కెర అవసరానికి మించి దిగవచ్చు. వెల్లుల్లిని వంటలో వాడినంత కాలం భయం లేదు. వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డకట్టనివ్వని మందు వేసుకునేవారు దానిని మందు మోతాదులో పరగడుపున మింగితే రక్తస్రావపు ముప్పు పెరగవచ్చు. సునాముఖితో, ఆముదంతో పదేపదే విరేచనం చేయించడం సుశ్రుతుని మాటకే విరుద్ధం.

ఇక రసౌషధాల విషయం. వత్సనాభి, విషముష్టి, భల్లాతకం, పాదరసం, తాళకం మొదలైనవి చేరిన మందులను వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలని మన దేశపు ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ ఇ-1 శాసిస్తున్నది. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ నగర పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తులలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనిపించింది. ఆ వార్త విని కోపం తెచ్చుకోవడం కంటే మన మందులను మనమే గట్టిగా పరీక్షించుకోవడం శాస్త్రానికి గౌరవం.

కనుక ఇటువంటి పత్రికలు నడిపేవారికి, వీటిలో వ్రాసే నావంటివారికి ఒక విన్నపం. ఏ చిట్కా అచ్చు వేసినా దాని క్రిందనే "ఇది ఎవరు వాడరాదు, ఏయే మందులతో కలపరాదు" అని రెండు పంక్తులు అచ్చు వేయాలి. ఈ పత్రికలను శ్రద్ధగా చదివి ఆచరించేవారిలో వృద్ధులే ఎక్కువ. వారు మనను నమ్మి వాడతారు. నమ్మినవారికి గుణం మాత్రమే చెప్పి దోషం చెప్పకపోవడం సగం వైద్యం.

ఆపడంలోనూ ప్రమాదం ఉన్నది

మందు ఎక్కువైందని తెలిసిన మరుక్షణం అన్నిటినీ చెత్తబుట్టలో వేయడం మరొక అనర్థం. చాలా నెలలుగా వాడుతున్న నిద్ర మాత్రను ఒక్కసారిగా మానితే నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, కొందరిలో మూర్ఛలు కూడా రావచ్చు. స్టెరాయిడ్లు హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. గుండెకు, బీపీకి వాడే కొన్ని మందులను ఉన్నట్టుండి మానితే రక్తపోటు ఎగదన్ని గుండెపోటుకు దారి తీయవచ్చు. మూర్ఛ, థైరాయిడ్, క్షయ మందుల విషయంలో సొంత నిర్ణయం పనికిరాదు. ఏ మందు ఆపాలో, ఏది తగ్గించాలో, ఎంత కాలంలో తగ్గించాలో నిర్ణయించవలసినది ఆ మందులను ఎరిగిన వైద్యుడే. ఆయుర్వేద వైద్యుడు తన పరిధి దాటి "ఇవన్నీ మానెయ్యండి, నా కషాయం చాలు" అనడం కూడా నిర్బాధ్యతే.

చేయదగిన పనులు

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకే సంచిలో వేయండి. మాత్రలు, సీసాలు, కంటి చుక్కలు, లేపనాలు, సూది మందుల చిట్టీలు, చూర్ణాలు, లేహ్యాలు, కషాయపు దినుసులు ఏవీ మినహాయించవద్దు. ఆరు నెలలకు ఒకసారి, ఆసుపత్రిలో ఉండి వచ్చిన ప్రతిసారీ, ఆ సంచిని ఒకే వైద్యుని ఎదుట ఉంచండి. ఎం.జి.ఎం. ఆసుపత్రి వంటి పెద్ద దవాఖానలో రద్దీ వల్ల తీరిక దొరకకపోతే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, మీకు నమ్మకమున్న జనరల్ ఫిజీషియన్ వద్దనో ఈ పని చేయించుకోవచ్చు.

ఒక కాగితంపై తెలుగులో పెద్ద అక్షరాలతో మందు పేరు, ఏ రోగానికి, ఏ వేళకు, ఎప్పుడు మొదలైంది, ఎప్పటి వరకు అనే వివరాలు వ్రాసి పెట్టండి. "ఏ రోగానికి" అన్నచోట ఖాళీ మిగిలిన మందు గురించి ముందుగా అడగండి.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ కొత్త బాధ పాత మందు వల్ల వచ్చిందేమో చూస్తారా? వీటిలో తగ్గించదగినది ఏదైనా ఉన్నదా? ఈ కొత్త మందును ఎప్పుడు ఆపాలి? ఇవి అడగడం వైద్యుని అవమానించడం కాదు. సమర్థుడైన వైద్యుడు ఇటువంటి ప్రశ్నలకు సంతోషిస్తాడు. దూరాన ఉన్న పిల్లలు నెలనెలా డబ్బు పంపడంతో సరిపెట్టక, ఫోనులో ఆ జాబితా చదివించుకుంటే అది కూడా తల్లిదండ్రుల సేవే.

కొత్త మందు మొదలైన కొన్ని వారాల్లో తూలు, మతి తప్పడం, మూత్రం బిగియడం, నల్లని మలం, విపరీతమైన మగత కనిపిస్తే ముసలితనమని వదిలివేయక వెంటనే వైద్యునికి చూపండి. మందుల వల్ల కలిగే కీడును నమోదు చేయడానికి 2010 నుండి జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం నడుస్తున్నది. వైద్యులే కాక రోగులు సైతం దానికి తెలియజేయవచ్చు.

ప్రభుత్వం చేయవలసినదీ ఉన్నది. 2011 జనగణన ప్రకారమే దేశంలో అరువది దాటినవారు పది కోట్లకు పైన ఉన్నారు. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలైంది. బీపీ, షుగరు మందులు పంచేచోట నెలనెలా గోలీలు లెక్కపెట్టి ఇచ్చే సిబ్బందికి, ఏడాదికి రెండుసార్లు సంచి మొత్తం చూసే బాధ్యతను కూడా అప్పగించాలి. వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల ఉన్నది, అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాల ఉన్నది, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఔషధ శాస్త్ర కళాశాల ఉన్నది. ఈ మూడింటి విద్యార్థులు కలిసి ఒక వాడలోని వృద్ధుల మందుల సంచులను తమ గురువుల పర్యవేక్షణలో పరిశీలిస్తే, వారికి అంతకు మించిన పాఠం ఉండదు, ఆ వాడకు అంతకు మించిన సేవ ఉండదు.

ఓరుగల్లు నుండి రుద్రమదేవి పాలించిన కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు జరిగిన దానాన్ని పేర్కొంటున్నది. ఆరోగ్యశాలను ధర్మంగా భావించిన నేల ఇది. ఆ రోజుల్లో మందు దొరకడమే భాగ్యం. ఈ రోజుల్లో మందుకు కొదువ లేదు, దానిని తూచి ఇచ్చే తీరికకు కొదువ. మన ఇంటి పెద్దల సంచి రేపు ఉదయమే ఒకసారి విప్పి చూద్దాము. దానిలో ఒక్క అనవసరమైన గోలీని వైద్యుని సలహాతో తగ్గించగలిగినా, ఒక పడిపోవడాన్ని, ఒక విరిగిన ఎముకను తప్పించినవారము కావచ్చు.